సొన తీయని కాయ

ఆ డాక్యుమెంటరీలో నేను కనిపించేది అర నిమిషం. మీరు చూసే ఉంటారు. చూడకపోయినా మీ పిల్లల ఫోన్లలో నా ముఖం స్టిక్కరై తిరుగుతూ ఉంటుంది. నెరిసిన జుట్టు, ముతక నేత చీర, చేతిలో అట్ట ఊడిన నోటుపుస్తకం, కింద పసుపుపచ్చ అక్షరాల్లో "హీరోకి చెప్పలేదు" అని నా మాట. వెనక ఎవరో బూర ఊదుతున్నట్టు ఒక కామెడీ మోత. నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతిలో హోంవర్కు చేయని వాళ్ళు ఇప్పుడు నాకిచ్చే సంజాయిషీ కూడా అదే. "మాకు చెప్పలేదు మేడమ్" అంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ అర నిమిషాన్ని కత్తిరించి అతికించిన వాళ్ళ మీద. అంతకంటే ఎక్కువ నా మీద.

సినిమా పేరు రాయను. రాస్తే మీరు వెతుక్కుని మరీ చూస్తారు, ఆ మేలు నేను చేయను. చెత్త సినిమా చెత్తగానే మూలపడి ఉంటే మర్యాదగా ఉండేది. ఇరవై ఏళ్ళు దాటాక హైదరాబాదులో ఎవరో కాలేజీ పిల్లలు దాన్ని బయటికి లాగారు. హాలు అద్దెకు తీసుకుని, మూతికి ఎర్రరంగు పూసుకుని, హీరోతో పాటు డైలాగులు అరుస్తూ చూస్తారట. దాన్ని కల్ట్ అంటారట. మా ఆగిరిపల్లి వైపు అలాంటి పనికి వేరే మాటలున్నాయి, అచ్చులో బాగుండవు.

ఆ హీరో మా బావగారు, అంటే మా అక్క భర్త. ఆరడుగుల మనిషి, బారు మీసం, ఒక గట్టు మీద నుంచి పిలిస్తే అవతలి గట్టు మీద పలికే గొంతు. వీటిలో దేనివల్లా ఆయనకి ఊళ్ళో గౌరవం రాలేదు. పూత చూసి కాపు చెప్పడం వల్ల వచ్చింది. మా వైపు తోటలు పూత మీదే గుత్తకు ఇస్తారు. చెట్టు మీద ఒక్క పిందె కూడా కట్టకముందే తోట ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఒక మాట అనుకోవాలి. ఆ మాట కోసం ఇద్దరూ కలిసి మా బావగారిని తీసుకెళ్ళేవారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగి, ఎంత నిలుస్తుందో, ఎంత రాలుతుందో చెప్పేవారు. ఆ మాట మీద ఇద్దరూ ఇక బేరం ఆడేవారు కాదు. ఆ రోజుల్లో జనవరి వస్తే ఇంటిముందు ఎప్పుడూ ఎవరిదో ఒక మోటారు సైకిలు ఆగి ఉండేది.

అలాంటి మనిషి దగ్గరికి ఒక డైరెక్టరు వచ్చాడు. మద్రాసులో మహామహుల దగ్గర పనిచేశానని చెప్పుకునేవాడు. ఏం పని అని అడిగితే మాట మార్చేవాడు. మామిడితోట నేపథ్యంలో రైతు బిడ్డ పగ తీర్చుకునే కథ ఒకటి పట్టుకుని లొకేషన్ల కోసం తిరుగుతున్నాడు. మా బావగారి తోట చూశాడు, మీసం చూశాడు, "మీరే నా హీరో" అన్నాడు. తోట ఊరికే దొరకాలంటే తోటగలాయన్ని హీరోని చేయడం కంటే తేలిక దారి లేదు. ఈ సంగతి మా బావగారికి తప్ప ఊళ్ళో అందరికీ అర్థమైంది.

ఆ తెలివిగల డైరెక్టరు మా తోటలో చేసిన ఘనకార్యాలు ఒకటి రెండు చెబుతాను. హీరోయిన్ పాటకి కొమ్మలు వంగేలా కాయలుండాలని బంగినపల్లి కాయలు తెప్పించి దారాలతో చెట్టుకు కట్టించాడు. కట్టించింది రసాల చెట్టుకి. "అది వేరే చెట్టండీ" అని కాయలు కోసే కూలీలు మొత్తుకున్నారు. "ఆడియన్స్‌కి ఆకులు తెలీవయ్యా" అన్నాడు. నూజివీడు హాల్లో ఆడబోయే సినిమాకి, ఆ మాట! విలన్ ముఠాని హీరో మామిడికాయలు విసిరి కొట్టే ఫైటు ఒకటి తీశాడు. కాయ తగిలిన ప్రతివాడూ జీపు ఎగిరినంత ఎత్తు ఎగురుతాడు. మా అక్క షూటింగు మొత్తం మీద ఒకేసారి చూడటానికి వచ్చింది, ఆ ఫైటు చూసి, "ఏవండీ, కాయలు పాడవుతున్నాయి" అని ఒక్క మాట అని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సినిమా మీద వచ్చిన విమర్శల్లో ఇప్పటికీ అంతకంటే సరైనది నేను చదవలేదు.

నేనప్పుడు కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాను. వేసవి సెలవులకి అక్క ఇంట్లో ఉన్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ డైరెక్టరు నాకొక నోటుపుస్తకం ఇచ్చి కంటిన్యూటీ రాయమన్నాడు. సినిమా వరసగా తీయరు. చివరి సీను ముందు తీస్తారు, మొదటి సీను నెల తర్వాత తీస్తారు. అందుకని ఏ సీనులో హీరో చొక్కా ఏ రంగు, ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, చేతిలో ఏముంది, అన్నీ ఒకరు రాసి పెట్టాలి. "జరిగింది జరిగినట్టు రాయి, ఒక్కటీ వదలకు" అన్నాడు. ఆయన చెప్పినవాటిలో పనికొచ్చే మాట అదొక్కటే. నేను వదల్లేదు.

ఇంకో పని మా బావగారు ఒప్పజెప్పారు. హీరో చేతిలో ఎప్పుడూ ఒక కాయ ఉంటుంది, కోపమొచ్చినప్పుడల్లా కొరుకుతాడు. మా ఊళ్ళో నడక వచ్చిన పిల్లకి కూడా తెలుసు, చెట్టు నుంచి కోసిన కాయని తిన్నగా నోట్లో పెట్టకూడదని. తొడిమ తుంచగానే సొన చిమ్ముతుంది. చర్మం మీద పడితే కాలుతుంది, పెదవికి తగిలితే పొక్కి వాచిపోతుంది. అందుకే తొడిమ తుంచి, కాయని తలకిందులుగా గోతాం మీద బోర్లించి, సొన అంతా కారాక కడుగుతారు. బావగారు మొదటి రోజే నన్ను పిలిచి చెప్పారు. "చూడమ్మా, మేకప్పూ డైలాగులూ గొడవలో నాకు కాయ చూసుకోవడం కుదరదు. నా చేతికొచ్చే కాయ నీ చేతి మీదుగా రావాలి. నువ్విచ్చిందైతే నేను చూసుకోను." అలాగే బావగారూ అన్నాను. రోజూ పొద్దున్నే పదిహేను కాయలు సొన తీసి, కడిగి, తుడిచి బుట్టలో పెట్టేదాన్ని.

ఆ సీను రోజు కూడా పెట్టాను. విలన్ ఎదుట హీరో మూడు నిమిషాలు ఏకధాటిగా గర్జించే సీను. డైరెక్టరుకి అప్పటికప్పుడు ఒక మెరుపు మెరిసింది. హీరో కాయ తొడిమని పంటితో తుంచి, తుపుక్కున ఉమ్మి, కాయ కొరికి, అప్పుడు డైలాగు మొదలుపెట్టాలట. నా బుట్టలో కాయలకి తొడిమలు లేవు. "తొడిమ తుంచితే సొన వస్తుందండీ, ఒంటి మీద పడకూడదు" అని చెప్పబోయాను. ఆయన నా బుట్ట కాలితో పక్కకి నెట్టి, "పంతులమ్మగారూ, ఇక్కడ తీస్తున్నది సినిమా, మీ ఆవకాయ కాదు" అన్నాడు. లైట్లు మోసేవాళ్ళు, కూలీలు, విలన్, అందరూ నవ్వారు. మేకప్పు వేయించుకుంటూ కుర్చీలో కూర్చున్న మా బావగారు కూడా నవ్వారు. ఆయన నా మాట వినలేదు, నవ్వు మాత్రమే విని నవ్వారు. ఆ తేడా నాకప్పుడు పట్టలేదు. ఒళ్ళు మండిపోయింది.

వెళ్ళి రెండాకులతో సహా ఒక కలెక్టర్ రకం కాయ కోశాను. తెచ్చి బావగారి చేతిలో పెట్టాను. ఆయన కాయ వైపు చూడలేదు. మాటిచ్చినట్టే, చూసుకోలేదు. కొంచెం మండుతుంది, ఒక టేకు పాడవుతుంది, ఆ మేధావికి బుద్ధొస్తుంది అనుకున్నాను. ఆ మేధావి బుద్ధికి మా అక్క మొగుడి మూతి ఎందుకు కాలాలో ఆలోచించేంత ఓపిక నా కోపానికి లేదు. వెనక్కి వచ్చి పుస్తకం తెరిచి, జరిగింది జరిగినట్టు రాశాను. కాయ అప్పుడే కోసింది. సొన తీయలేదు. హీరోకి చెప్పలేదు. కింద గీత కూడా గీశాను. నిజం రాయడమంటే నాకు ఆనాటికే మహా గర్వం. నిజం చెప్పడం వేరే విద్య, అది నాకు రాలేదు.

ఆయన తొడిమ తుంచారు. సొన పెదవుల మీదా, గడ్డం మీదా చిమ్మింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అద్భుతం, ఆగొద్దు!" అని డైరెక్టరు అరిచాడు. ఆ మనిషి ఆగలేదు. మంటతో వంకర్లు పోతున్న మూతితో మూడు నిమిషాల డైలాగూ పూర్తి చేశారు. మధ్యాహ్నానికి కింది పెదవి వంకాయంత అయింది. హీరోయిన్‌కి ఇంకా ఐదు రోజులే తీరిక ఉంది, అందుకని వాపు తగ్గేదాకా ఆగకుండా ఆ మూతితోనే తీసుకుంటూ పోయారు. ముక్కలు ముక్కలుగా తీసింది వరసలో పెట్టేసరికి తెర మీద ఏం జరిగిందో ఆ మూతికి రంగు పూసుకునే పిల్లలకి బాగా తెలుసు. ప్రేమపాట మొదట్లో పెదవి మామూలుగా ఉంటుంది, చరణంలో వాచిపోతుంది. తండ్రి చనిపోయినప్పుడు తలుపు తెరిచేవాడికి వాపు లేదు, లోపలికి వచ్చేవాడికి ఉంది. ఎంత బాగా కంటిన్యూటీ రాశానో!

సినిమా శుక్రవారం వచ్చింది. మొదటి ఆటకి నూజివీడు హాలంతా మావాళ్ళే. ఆ సీను రాగానే వెనక నుంచి ఎవరో, "సొనరా బాబూ, సొన!" అని అరిచారు. హాలు హాలంతా గొల్లుమంది. సినిమా బాగోలేదని నవ్వితే బావగారు ఓర్చుకునేవారే. మామిడి రైతై ఉండి సొన కాయ కొరికాడని నవ్వారు. సోమవారానికి సినిమా వెళ్ళిపోయింది గానీ ఆ నవ్వు వెళ్ళలేదు. మరుసటి పూతకి ఒకళ్ళిద్దరు పిలవడానికి వచ్చారు. ఒంట్లో బాగోలేదన్నారు బావగారు. ఆ పై ఏడాది హనుమాన్ జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర, "సొన తెలీనోడికి పూతేం తెలుస్తుంది లెండి" అని ఎవరో అన్నారని విన్నాం. తర్వాత ఆ ఇంటిముందు మోటారు సైకిళ్ళు ఆగలేదు. నేను మాత్రం పండక్కీ పబ్బానికీ వెళ్ళి, అక్క వండింది తిని, పుస్తకాన్ని బీరువాలో చీరల కింద దాచుకుని హాయిగా ఉన్నాను. హాయిగా అన్నది అబద్ధం. ఉన్నాను.

మొన్న మే నెలలో డాక్యుమెంటరీ వాళ్ళు దిగారు. ఆ ఎండలో నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకున్న అబ్బాయి వాళ్ళ డైరెక్టరు. నన్ను చూడగానే "ఆంటీ" అన్నాడు, తర్వాత నా మొహం చూసి "మేడమ్" అన్నాడు. "మేం నవ్వుకోవడానికి రాలేదు మేడమ్, ఇది ట్రిబ్యూట్" అన్నాడు. వాడి బనీను మీద మా బావగారి వాచిన మూతి బొమ్మ ఉంది. కంటిన్యూటీ పుస్తకం ఒకటి ఉండేదట కదా, చూపిస్తారా అని అడిగాడు. చెదలు తిన్నాయని చెప్పాను. పిల్లలకి సత్యమేవ జయతే అని బోర్డు మీద రాయించే నోటితో, తడుముకోకుండా చెప్పాను.

బావగారు మాట్లాడనంటారని అందరం అనుకున్నాం. ఒప్పుకున్నారు. "తోటలో అయితే మాట్లాడతాను" అన్నారంతే. ఆ రోజు పొద్దున నేను పుస్తకం హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళాను. చెప్పేద్దామని కాదు. ఇంట్లో ఉంటే ఎవరైనా చూస్తారని భయం వేసి వెంట తీసుకెళ్ళాను, అంత ధైర్యవంతురాలిని.

అదే చెట్టు కింద కుర్చీ వేశారు. టోపీ అబ్బాయి ఆకులతో సహా ఒక కాయ కోయించి బావగారి చేతికిచ్చి, "సార్, ఆ ఐకానిక్ బైట్ ఒక్కసారి రీక్రియేట్ చేద్దాం" అన్నాడు. బావగారు ఈసారి కాయని చూశారు. అటూ ఇటూ తిప్పి చూశారు. చెయ్యి ఒంటికి దూరంగా చాచి, కాయని నేల వైపు వంచి తొడిమ తుంచారు. సొన సన్నటి ధారగా కింది ఆకుల మీద పడింది. ఆయన కదల్లేదు. "సార్, రోలింగ్" అన్నారు. కదల్లేదు. ధార చుక్కలైంది, చుక్కలు ఆగాయి. ఆయన కాయని కడిగి, పంచె అంచుతో తుడిచి, పక్కన పెట్టి, "ఇప్పుడు అడగండి" అన్నారు. కెమెరా అబ్బాయి ఆవులించాడు. ఆ డాక్యుమెంటరీ మొత్తంలో ఉండాల్సిన ముక్క అదొక్కటే, అది వాళ్ళు పెట్టలేదు.

"ఇంత తెలిసిన మీరు ఆ రోజు ఎలా మర్చిపోయారు సార్?" అని అడిగాడు అబ్బాయి, నవ్వుకి చోటు వదిలి.

"చూసుకోలేదండి," అన్నారు బావగారు. "కాయ చేతికొచ్చాక చూసుకోవలసింది నేను. నాదే తప్పు."

నా పేరు ఎత్తలేదు. కాయ ఎవరిచ్చారో చెప్పలేదు. ఆయన నన్ను కాపాడుతున్నారేమో అనిపించింది ముందు. మొహం చూస్తే అదీ కాదు, ఆయన నిజంగానే అలా నమ్ముతున్నారు. బ్యాగు తెరిచి, పుస్తకం తీసి, కెమెరా ముందుకు వెళ్ళి నిలబడి ఆ పేజీ చదివాను. కాయ అప్పుడే కోసింది. సొన తీయలేదు. హీరోకి చెప్పలేదు. "కోసి ఇచ్చింది నేను. కావాలనే ఇచ్చాను" అన్నాను.

తర్వాత టోపీ అబ్బాయి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మేడమ్! గోల్డ్ మేడమ్!" అన్నాడు. అంతలోనే చెవిలో యంత్రం పెట్టుకున్నవాడు చెయ్యెత్తాడు. రోడ్డు మీద ఎవరిదో మోటారు సైకిలు వెళ్ళిందట, శబ్దం పడిందట. "ఇంకొక్కసారి చెప్తారా మేడమ్? సేమ్ ఫీల్‌తో."

చెప్పాను. ఇరవై ఏళ్ళు చీరల కింద దాచిన మాటని, సేమ్ ఫీల్‌తో, ఎండ మొహం మీద పడేలా కొంచెం ఎడమకి జరిగి, రెండోసారి చెప్పాను. మీరు చూసింది ఆ రెండోది. అయ్యాక వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకడు నాతో సెల్ఫీ దిగాడు. సిగ్గు అనేది ఎంత చిన్న వస్తువో, దాన్ని ఎంత తేలిగ్గా ఫోనులో పెట్టుకుని పోవచ్చో అప్పుడు తెలిసింది.

వాళ్ళు వైర్లు చుట్టుకుంటూ ఉండగా బావగారు కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడారు. నాతో కాదు, ఎదురుగా ఉన్న చెట్టుతో అన్నట్టు మాట్లాడారు.

"నీ చేతి కాయ కదా, సొన తీసి తొడిమ మళ్ళీ గుచ్చి ఉంటావు, సొన ఉండదు అనుకున్నాను. ఉంది. అయితే నువ్వు తీసే ఇచ్చుంటావు, నేనే ఎక్కడో వేరే కాయ తీసుకునుంటాను అనుకున్నాను. ఏ కాయ తీసుకున్నానో కూడా తెలీని స్థితిలో ఉన్నానా అని భయమేసింది. ఎవరో ఏదో అన్నారని నేను పూత చూడ్డం మానలేదు. మానకముందు ఒకసారి పొద్దున్నే మన తోటలోకే వెళ్ళాను, ఒక్కడినే. తలెత్తి చూశాను. ఎంత నిలుస్తుందో చెప్పలేకపోయాను. అప్పటిదాకా తెలిసిందే, ఆ రోజు నా మీద నాకే నమ్మకం కుదర్లేదు. ఇంక ఊరివాళ్ళకేం చెప్తాను?"

ఊరి నోటి వల్ల ఆయన పని పోయిందని ఇన్నేళ్ళూ ఊరిని తిట్టుకున్నాను. ఊరికి అంత శక్తి లేదు. ఆయన కళ్ళని ఆయనే నమ్మకుండా చేసింది నేను, గుండ్రటి చేతిరాత ఉన్న నేను.

ఆయన టోపీ అబ్బాయిని పిలిచారు. "అదంతా రికార్డయిందా బాబూ?"

"సూపర్‌గా వచ్చింది సార్."

"ఇంకోసారి చెప్పమనండి."

"అక్కర్లేదు సార్, టేక్ ఓకే."

"మీ కోసం కాదు," అన్నారు బావగారు. "రెండుసార్లూ ఆ కెమెరా అద్దానికేసి చూసి చెప్పింది. ఈసారి నాకేసి చూసి చెప్పమనండి."

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కెమెరా మళ్ళీ తీయలేదు. నేను పుస్తకం మూసి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. రెండుసార్లు తడబడకుండా చదివిన దాన్ని, ఈసారి ఆయన మొహంలోకి చూశాను. ఆయన కింది పెదవి చివర చిటికెన వేలి గోరంత నల్లటి మచ్చ ఉంది. ఇన్నేళ్ళూ ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, అది ఉన్నట్టే నాకు తెలియదు. ఆయన ఎదురు చూస్తున్నారు, సొన ఆగేదాకా కాయ పట్టుకుని నిలబడ్డట్టే, తొందరేమీ లేకుండా.

"మీకు చెప్పలేదు బావగారూ," అన్నాను.